ఫైర్‌బాల్‌ని తిట్టుకునే ముందు: మ్యాజిక్‌కి హౌస్ రూల్స్ రాయడం గురించి

రెండేళ్ల కిందట మా టేబుల్ దగ్గర నేనొక హౌస్ రూల్, అంటే మా వరకే మార్చుకున్న రూల్, పెట్టాను. ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలు వేస్తూ కథలో పాత్రలుగా ఆడేది, 2014లో వచ్చిన ఐదో ఎడిషన్. నేను డీఎంని, అంటే కథ నడిపేవాణ్ణి, మిగతా నలుగురూ తలా ఒక క్యారెక్టర్ ఆడతారు. స్పెల్స్, అంటే మంత్రాలు, వేయడానికి ఒక్కో స్థాయిలో రోజుకి ఇన్నిసార్లేనని విడివిడిగా లెక్కపెట్టి ఇచ్చే అవకాశాలే స్లాట్లు. విజార్డ్ (మంత్రగాడు) ఆడే మిత్రుడు "ఈ స్లాట్ల గోల నా బుర్రకెక్కట్లేదు, వీడియో గేముల్లోలాగా మంత్రశక్తికంతా కలిపి మనా పాయింట్లు ఉంటే హాయిగా ఉంటుంది కదా" అన్నాడు. మిగతావాళ్లు అడ్డు చెప్పలేదు, పైగా డీఎంల పుస్తకంలోనే స్పెల్ పాయింట్స్ అని ఒక పద్ధతి కావాలంటే వాడుకోమని ఇచ్చారు, దాంతో ఇంకేం ఆలోచించకుండా సరే అనేశాను. మూడో శనివారానికి ఫైటర్ (కత్తివీరుడు) ఆడే అబ్బాయి యుద్ధం మధ్యలో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఏమైందిరా అంటే, "నా వంతు వచ్చేసరికి కొట్టడానికి ఎవడూ మిగలట్లేదు అన్నా" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. వాడి క్యారెక్టర్‌కి ఉన్నదేదీ నేను తగ్గించలేదు, విజార్డ్‌కి కొత్త శక్తులేవీ ఇవ్వలేదు, లెక్క రాసుకునే తీరు మాత్రమే మార్చాను. అయినా ఒక మనిషి ఆటలోంచి బయటికి వెళ్లిపోయాడు. ఎలా జరిగిందో కాగితం మీద పెట్టి చూసుకున్నాకే మ్యాజిక్ రూల్స్ దేన్ని మోస్తున్నాయో నాకు అర్థమైంది.

లెక్క ఇది. ఐదో లెవెల్ విజార్డ్‌కి రోజుకి ఒకటో స్థాయి స్లాట్లు 4, రెండో స్థాయివి 3, మూడో స్థాయివి 2. స్పెల్ పాయింట్స్ పద్ధతిలో ఒకటో స్థాయి స్పెల్‌కి 2 పాయింట్లు, రెండోదానికి 3, మూడోదానికి 5 ఖర్చు. 4 రెళ్లు 8, 3 మూళ్లు 9, 2 ఐదులు 10, మొత్తం 27. పుస్తకం సరిగ్గా ఆ 27 పాయింట్లే ఇస్తుంది, కాబట్టి పైపైన చూస్తే అంతా సమానంగానే ఉంది. కానీ ఫైర్‌బాల్, అంటే గుంపు మీద పేలే నిప్పు బంతి, మూడో స్థాయి స్పెల్. స్లాట్లతో అయితే రోజుకి రెండు వేయగలడు. 27 పాయింట్లతో అయిదు వేసి ఇంకా 2 మిగుల్చుకుంటాడు. (విజార్డ్‌కి రోజులో ఒకసారి షార్ట్ రెస్ట్‌లో, అంటే గంటసేపటి విరామంలో, కొంత వెనక్కి వచ్చే సౌకర్యం ఉంది, దాన్ని రెండువైపులా పక్కన పెట్టాను.)

మా అమ్మ జీతం రాగానే డబ్బుని కవర్లలో వేరు చేసి పెట్టేది. అద్దె కవరు, పాల కవరు, కరెంటు బిల్లు కవరు, పండగ కవరు. పాల కవర్లో డబ్బుంది కదా అని పండగకి తీయడానికి వీల్లేదు. అదే డబ్బంతా ఒకే జేబులో ఉంటే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. స్లాట్లు ఆ కవర్లు. పైకి చాదస్తంగా కనిపిస్తాయి కానీ, విజార్డ్ చేత చిన్న స్పెల్స్ కూడా వాడించేది ఆ కవర్లే: తలుపు తెరవడానికో, పడిపోతున్నవాణ్ణి పట్టుకోవడానికో, కాసేపు మాయమవడానికో. కవర్లు తీసేస్తే ఏ తెలివైన ఆటగాడైనా ఉన్నదంతా తెచ్చి ఒక్క ఫైర్‌బాల్ మీదే పోస్తాడు. మా వాడి తప్పేం లేదు, నేనిచ్చిన రూల్ ఏం చేయమందో అదే చేశాడు. ఈ ప్రమాదం పుస్తకం రాసినవాళ్లకీ తెలుసు. అందుకే ఆరో స్థాయి, ఆ పైన ఉన్న స్పెల్స్‌ని పాయింట్లతో చేసినా ఒక్కో స్థాయికీ లాంగ్ రెస్ట్‌కి, అంటే రాత్రి నిద్రకి, ఒక్కసారే అని కట్టేశారు. మూడో స్థాయి దగ్గర అలాంటి కట్టేదీ లేదు.

అసలు స్లాట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి చైన్‌మెయిల్ అని బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాట రూల్స్ తెచ్చారు. అందులో చివర్న ఫాంటసీ భాగం ఒకటి ఉంది, అక్కడ మంత్రగాడు ఫిరంగి లాంటివాడు. వాడి ఫైర్‌బాల్‌ని రాళ్లు విసిరే పెద్ద యంత్రంతో, వాడి పిడుగుని బరువైన ఫిరంగితో సమానంగా లెక్కేశారు. అంటే ఫైర్‌బాల్ ఈ ఆటల్లోకి వచ్చిందే గుంపుని చెదరగొట్టే ఆయుధంగా. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు ఈ ఫిరంగి ఒక మనిషి చేతికొచ్చింది, పక్కన కత్తి పట్టుకుని ఇంకో మనిషి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర ఆడాలంటే ఫిరంగికి గుండ్లు లెక్కపెట్టి ఇవ్వాలి. గైగాక్స్ ఆ పద్ధతిని రచయిత జాక్ వాన్స్ 1950 నాటి కథల నుంచి తీసుకున్నాడు. వాటిలో మాంత్రికుడు ముందే కొన్ని మంత్రాలు బుర్రలోకి ఎక్కించుకుంటాడు, ఒకటి వాడగానే అది బుర్రలోంచి చెరిగిపోతుంది, మళ్లీ చదువుకోవాల్సిందే.

మనకిది కొత్త కాదు. కర్ణుడు కవచకుండలాలు ఇచ్చి ఇంద్రుడి దగ్గర తెచ్చుకున్న శక్తి ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నాడు. పద్నాలుగో రోజు రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు కౌరవ సేనని చిందరవందర చేస్తుంటే, ఇప్పుడు వాడకపోతే తెల్లారేసరికి ఎవరూ మిగలరని చుట్టూ ఉన్నవాళ్లు మొత్తుకుంటే, వాడేశాడు. కృష్ణుడు సంతోషపడ్డాడు. మహాభారతం చదివిన ప్రతిసారీ నాకు అక్కడ గుండె ఆగినట్టవుతుంది, ఎందుకంటే ఆ శక్తి ఎంత నష్టం చేస్తుందన్నది అక్కడ విషయమే కాదు, అది ఒక్కటే ఉంది, ఎప్పుడు వాడాలన్నదే విషయం. స్లాట్ అన్న లెక్క వెనకున్న టెన్షన్ అంతా అదే. ఇక డీఎం చేయాల్సిన పనిని కూడా ఆ రాత్రి చూపిస్తుంది: అర్జునుడి కన్నా ముందు ఘటోత్కచుడు రావాలి.

మ్యాజిక్ మరీ ఎక్కువైపోతోందని బాధపడే టేబుళ్లలో చాలావరకు కొరత అక్కడే ఉంటుంది. 2014 నాటి డీఎంల పుస్తకం ఒక సాహస దినంలో ఓ మోస్తరువో కష్టమైనవో 6 నుంచి 8 ఘర్షణలు, మధ్యలో రెండు షార్ట్ రెస్టులు ఉంటాయని లెక్కేసుకుంది. మనం ఆడేది శనివారం రాత్రి మూడు నాలుగు గంటలు. అందులో ఒక గంట కబుర్లు, బిర్యానీ ఆర్డర్, ఊళ్లో వాళ్లతో మాటలు, తర్వాత ఒక యుద్ధం, మహా అయితే రెండు. ఆ రాత్రితో కథలో కూడా రోజు అయిపోతుంది, అందరూ పడుకుంటారు, స్లాట్లన్నీ తిరిగొస్తాయి. అంటే ఆరు యుద్ధాలకి సరిపడా ఇచ్చిన 9 స్లాట్లని విజార్డ్ ఒక్క యుద్ధంలో పెడుతున్నాడు. అదే ఆరు యుద్ధాలు, ఒక్కోటి నాలుగు రౌండ్లు అనుకుంటే 24 వంతులకి 9 స్లాట్లు. సగానికి పైగా వంతుల్లో స్లాట్ ఖర్చు కాని క్యాంట్రిప్ అనే చిన్న మంత్రంతోనే సరిపెట్టుకోవాలి. అదే క్యారెక్టర్, అవే స్పెల్స్, కానీ ఈ రెండు టేబుళ్ల దగ్గర ఉన్నది ఇద్దరు వేర్వేరు మనుషులు.

దీన్ని దగ్గరగా చూడండి. ఎనిమిది మంది ఆర్క్‌లు (రాక్షసుల్లాంటి శత్రువులు) లోయలో గుమిగూడి ఉన్నారు, ఒక్కొక్కడికి 15 హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం. మా ఐదో లెవెల్ ఫైటర్ వంతుకి రెండు దెబ్బలు వేస్తాడు, పొడవాటి కత్తితో ఎనిమిది ముఖాల పాచిక మీద వచ్చినదానికి 4 కలిపి, సగటున దెబ్బకి 8.5. రెండూ తగిలితే 17, ఒక ఆర్క్ పడిపోతాడు. మంచి వంతు అది. ఫైర్‌బాల్ 20 అడుగుల వ్యాసార్ధంలో ఉన్న అందరి మీదా ఎనిమిది ఆరు ముఖాల పాచికలు వేస్తుంది, సగటు 28. సేవింగ్ త్రో, అంటే తప్పించుకోవడానికి వేసే పాచిక, తప్పినవాడు దాదాపు ఖాయంగా పోతాడు, నెగ్గినవాడికి సగం, అంటే సగటున 14, ఒక్క పాయింటుతో ఊపిరి పీల్చుకుంటాడు. రోజుకి ఇలాంటిది రెండుసార్లు జరిగితే టేబుల్ అంతా చప్పట్లు కొడుతుంది, బతికున్నవాళ్ల మీదకి ఫైటర్ దూకుతాడు, అదొక అందం. ఒక్క రాత్రిలో అయిదుసార్లు జరిగితే ఫైటర్ ఫోన్ తీస్తాడు.

అందుకే ఎవరైనా వచ్చి ఫైర్‌బాల్‌ని 6 పాచికలకి తగ్గిద్దామా అని అడిగితే వద్దంటాను. స్పెల్‌ని కాదు, అది తిరిగొచ్చే వేగాన్ని ముట్టుకోండి. పుస్తకంలోనే దీనికీ ఒక ప్రత్యామ్నాయం ఉంది, షార్ట్ రెస్ట్ అంటే 8 గంటలు, లాంగ్ రెస్ట్ అంటే 7 రోజులు. నెమ్మదిగా, నెలల తరబడి సాగే కథకి అది బాగుంటుంది, కానీ గుహల్లో పరుగులు పెట్టే కథలో వారం రోజులు ఆగడం కుదరదు. మేం ఆ రెండింటికీ మధ్యలో ఒక రూల్ పెట్టుకున్నాం, దానికి సత్రం రూల్ అని పేరు. పైన కప్పు, బయట కాపలా, లోపల వేడి భోజనం ఉన్నచోట పడుకుంటేనే లాంగ్ రెస్ట్. ఊరు, సత్రం, గుడి, కోట, ఏదైనా సరే. అడవిలో, గుహలో, దారిలో ఎన్ని గంటలు పడుకున్నా షార్ట్ రెస్టే. ఇలాంటి రూల్ మాకన్నా ముందు చాలా టేబుళ్ల దగ్గర ఉంది, మేం కనిపెట్టిందేమీ కాదు. కానీ పేరు పెట్టుకోవడం ముఖ్యం. "సత్రం ఎంత దూరం?" అని ఒక ఆటగాడు అడిగితే చాలు, మిగతా అందరికీ ఎన్ని స్లాట్లు మిగిలాయో లెక్క మొదలైపోతుంది.

అయితే ఒక రూల్ కదిపితే నాలుగు కదులుతాయి. ఈ విషయం ఎంత చెప్పినా తక్కువే. మేజ్ ఆర్మర్ అనే కవచం లాంటి స్పెల్ 8 గంటలు ఉంటుంది, రోజుకో స్లాట్ ఇస్తే రోజంతా కాపాడాలని ఇచ్చిన లెక్క అది. నాలుగు రోజుల ప్రయాణంలో లాంగ్ రెస్టే లేకపోతే విజార్డ్ దాని కోసమే నాలుగు స్లాట్లు పోగొట్టుకుంటాడు, అందుకని దాన్ని తర్వాతి లాంగ్ రెస్ట్ దాకా పొడిగించాం. వార్లాక్ అనే ఇంకో రకం మంత్రగాడి స్లాట్లు షార్ట్ రెస్ట్‌కే తిరిగొస్తాయి, ఐదో లెవెల్లో మూడో స్థాయివి రెండు. అందరూ ఆకలితో ఉంటే అతను మాత్రం గంటకోసారి భోంచేస్తున్నట్టవుతుంది, కాబట్టి రోజుకి రెండే షార్ట్ రెస్టులు అన్నాం. గాయాలు మానవు కదా మరి అని క్లెరిక్ (వైద్యం చేసే పూజారి) ఆడే ఆవిడ పట్టుకుంది. న్యాయమే, ఉన్న స్లాట్లన్నీ వైద్యానికే పోతే ఆవిడకి ఆట ఏముంటుంది, దారిలో రాత్రంతా నిద్రపోతే ఖర్చైన హిట్ డైస్‌లో (విరామంలో గాయాలు మాన్పుకోవడానికి వేసే పాచికల్లో) ఒకటి తిరిగిస్తాం అని చేర్చాం. ఇక చిన్న గుడారం లాంటి మాయ గుమ్మటం లేపే స్పెల్ ఒకటుంది, 8 గంటలు లోపలివాళ్లు క్షేమం, స్లాట్ ఖర్చు లేకుండా క్రతువుగా కూడా చేయొచ్చు. దాన్ని అలాగే వదిలేస్తే సత్రం రూల్‌కి అర్థమే ఉండదు. గుమ్మటంలో రక్షణ ఉంటుంది, కానీ అది సత్రం కాదు అని ముందే రాసిపెట్టాం. ఈ నాలుగూ మాకు ఒక్కరోజులో తట్టలేదు, రెండు నెలలు పట్టింది.

రెండో రకం హౌస్ రూల్, అందరికీ ఇష్టమైనది, నాకు మాత్రం భయం పుట్టించేది: మంత్రం తిరగబడటం. ఇరవై ముఖాల పాచిక మీద 1 పడితే ఏదో ఘోరం జరగాలి, కత్తి విరగాలి, స్పెల్ వేసినవాడి మీదకే రావాలి. మ్యాజిక్ అంటే ప్రమాదం ఉండాలి కదా అన్న ఆలోచన మంచిదే. కానీ పాచికలు ఎవరు వేస్తున్నారో చూడండి. 1 పడే అవకాశం వేసిన ప్రతిసారీ 5 శాతం. రెండు దెబ్బలు వేసే ఫైటర్ నాలుగు రౌండ్లలో ఎనిమిదిసార్లు వేస్తాడు, ఒక యుద్ధంలో కనీసం ఒక్కసారైనా 1 పడే అవకాశం 34 శాతం దాకా ఉంటుంది. ఫైర్‌బాల్ వేసే విజార్డ్ ఆ ఇరవై ముఖాల పాచికని ముట్టుకోనే ముట్టుకోడు, సేవింగ్ త్రో వేసేది అవతలివాళ్లు. అంటే మంత్రానికి ప్రమాదం పెడదామని తెచ్చిన రూల్ కత్తివాణ్ణి శిక్షించి మంత్రగాణ్ణి వదిలేస్తుంది. అంతేకాదు, ఫైటర్ లెవెల్ పెరిగి దెబ్బలు పెరిగేకొద్దీ తడబడటం కూడా పెరుగుతుంది. నేర్చుకున్నకొద్దీ చేయి వణికే వీరుణ్ణి ఎవరు ఆడాలనుకుంటారు?

నిజంగా ప్రమాదం కావాలనుకుంటే దాన్ని స్పెల్ వేసేవాడి చేతిలోనే పెట్టాలి, ధర ముందు తెలియాలి, చెల్లించాలా వద్దా అన్నది వాడే నిర్ణయించుకోవాలి. వేరే ఆటలు దీన్ని చాలా బాగా చేశాయి. 1989లో వచ్చిన షాడోరన్‌లో స్లాట్లు లేవు, వేసిన ప్రతి స్పెల్ ఒంటి మీదకి అలసటగా తిరిగొస్తుంది, ఎంత బలంగా వేస్తే అంత అలసట. 2012 నాటి డంజన్ క్రాల్ క్లాసిక్స్‌లో ప్రతి స్పెల్‌కీ పాచిక వేయాల్సిందే, ఫలితం వంకరపోతే శరీరమే మారిపోవచ్చు, కానీ తన బలాన్నో చురుకుదనాన్నో ఆరోగ్యాన్నో కొంత కాల్చుకుని ఆ పాచికకి కలుపుకునే వీలు కూడా ఇచ్చారు. ఆ కాల్చుకోవడం దగ్గరే ఆట ఉంది. మా టేబుల్‌లో దీన్ని చిన్నగా తెచ్చుకున్నాం: స్లాట్లన్నీ అయిపోయాక కూడా ఒక స్పెల్ వేయొచ్చు, కానీ ఆ స్పెల్ ఎన్నో స్థాయిదైతే అన్ని హిట్ డైస్ పోతాయి, వాటిని వేసి ఎంత వస్తే అంత నష్టం విజార్డే పడాలి, సత్రం చేరేదాకా మళ్లీ ఇలా చేయడానికి లేదు. ఏడాదిన్నరలో మూడుసార్లు వాడారు. మూడుసార్లూ ఎవరో ఒకరి ప్రాణం కాపాడటానికే.

మాటలతో అప్పటికప్పుడు మంత్రం కట్టుకునే పద్ధతి కూడా కొందరు అడుగుతుంటారు. 1987 నాటి ఆర్స్ మాజికా ఈ దారిలో అందరికన్నా ముందుంది, అందులో 5 క్రియలు, 10 నామాలు, రెండూ కలిపితే ఒక మంత్రం: సృష్టించు, నిప్పు; మార్చు, శరీరం; తెలుసుకో, మనసు. తెలుగులో ఆడితే ఇది ఎంత సొగసుగా ఉంటుందో, సమాసం కట్టినట్టే. కానీ ప్రతి మంత్రానికీ ఇది కుదురుతుందా, ఎంత కష్టం అని డీఎం అప్పటికప్పుడు తీర్పు చెప్పాలి. ఒక్కో వంతుకి ఒక నిమిషం వాదన అనుకున్నా సాయంత్రానికి ఇరవై నిమిషాలు పోతాయి, ఆ ఇరవై నిమిషాలూ మిగతా ముగ్గురూ వినేవాళ్లే. దాని కోసమే కట్టిన ఆటలో ఆడుకోండి, స్లాట్ల ఆటలో అతికించకండి.

కథనే చెరిపేసే స్పెల్స్ సంగతి వేరు. గుడ్‌బెర్రీ ఒకటో స్థాయి స్పెల్, 10 పళ్లు వస్తాయి, ఒక్కో పండు ఒక మనిషికి రోజంతా ఆహారం. ఆకలితో ఎడారి దాటే కథ రాసుకున్న డీఎంకి అది ఒక్క వాక్యంలో కథ ముగింపు. హత్య ఎవరు చేశారో వెతికే కథలో శవాన్ని అయిదు ప్రశ్నలు అడగనిచ్చే స్పెల్, అబద్ధం చెప్పనివ్వని స్పెల్ కూడా అంతే. వీటికి హౌస్ రూల్ రాసేటప్పుడు మొదటి సెషన్‌కి ముందే ఈ కథ దేని గురించో అందరికీ చెప్పాలి. ఇది ఆకలి కథ, కాబట్టి గుడ్‌బెర్రీకి వాడే బదనిక కొమ్మ స్పెల్‌తో పాటే కాలిపోతుంది, కొమ్మలు వెతుక్కోవాలి అని చెబితే ఆ స్పెల్ వేసే డ్రూయిడ్ (ప్రకృతి మంత్రగాడు) ఆడేవాళ్లకి కోపం రాదు, పైగా కొమ్మల వేట కూడా కథలో కలుస్తుంది. అదే ఆరో సెషన్లో, ఎడారి మధ్యలో, ఆకలేసినప్పుడు ఈ రూల్ చెబితే వాళ్లు ఎంచుకున్నదాన్ని మీరు లాక్కున్నట్టే. ఇంతకీ ఆ నిజం చెప్పించే స్పెల్‌ని పూర్తిగా చదివితే అబద్ధం మాత్రమే నిషిద్ధం, మౌనంగా ఉండొచ్చు, డొంకతిరుగుడుగా చెప్పొచ్చు. ఊరి పెద్ద ఒకాయన మా ఆటలో ఆ వలయంలో నిలబడి పది నిమిషాలు మాట్లాడాడు, ఒక్క అబద్ధం ఆడలేదు, ఒక్క జవాబూ ఇవ్వలేదు. ఆ సెషన్‌కి ఏ రూలూ మార్చనక్కర్లేకపోయింది.

నిజానికి సగం ఫిర్యాదులు అలాగే తీరిపోతాయి, ఉన్న రూల్ పూర్తిగా చదివితే. కాన్సంట్రేషన్ అని ఉంది చూడండి, ఒకసారికి అలాంటి స్పెల్ ఒక్కటే నిలబెట్టగలరు, దెబ్బ తగిలితే సేవింగ్ త్రో వేయాలి, అందులో చేరాల్సిన అంకె 10 గాని, పడిన నష్టంలో సగం గాని, ఏది ఎక్కువైతే అది. మేం మూడు నెలలపాటు ఈ ముక్క పట్టించుకోకుండా ఆడాం, విజార్డ్ ఒకణ్ణి ఎగిరిస్తూనే ఇంకొకడికి వేగం పెంచేవాడు, శత్రువులకి పాపం దిక్కు లేదు. పాత 3.5 ఎడిషన్ ఆడినవాళ్లకి తెలుసు, అక్కడ యుద్ధానికి ముందే స్పెల్ మీద స్పెల్ పేర్చుకుని వెళ్లేవాళ్లు. ఆ పేర్పుని ఆపడానికి వచ్చిందే ఈ కాన్సంట్రేషన్. కాబట్టి గుర్తుపెట్టుకోవడం విసుగ్గా ఉందని ఎవరైనా దీన్ని తీసేద్దామంటే దయచేసి ఒప్పుకోకండి. ఈ ఎడిషన్ మ్యాజిక్‌లో అన్నిటికన్నా ఎక్కువ బరువు మోస్తున్న దూలం అది.

చనిపోయినవాళ్లని బతికించడం గురించి ఒక్క మాట. నిమిషం లోపు అయితే 300 బంగారు నాణేల విలువైన వజ్రాలు, ఆ తర్వాత పది రోజుల దాకా అయితే 500 నాణేల వజ్రం కావాలని పుస్తకం అంటుంది. డబ్బు కట్టేస్తే సరిపోయే ధరకి బరువుండదు, అయిదారు లెవెల్స్ దాటాక నాణేలకి కొదవ ఉండదు కాబట్టి. కానీ వజ్రం వస్తువు, ఎక్కడో ఒక గనిలోంచి రావాలి. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల వజ్రాలు గోల్కొండ మీదుగా లోకమంతా తిరిగిన నేల మనది, మాకు ఈ ఊహ దూరం కాలేదు. మా మ్యాపులో ఏటి పక్కన ఒక గని పెట్టాం, దాని మీద ఒక రాజు కాపలా పెట్టాడు, బజార్లో వజ్రం దొరకదు. రూల్ పుస్తకంలో ఒక్క అక్షరం మార్చలేదు, అయినా చావుకి భయం తిరిగొచ్చింది.

ఇవన్నీ చేశాక మేం పాటించే పద్ధతి చెబుతాను. కొత్త రూల్ ఒక్క వాక్యంలో ఉండాలి, టేబుల్ దగ్గర కాగితం చూడకుండా చెప్పగలగాలి. దేన్ని సరిచేయడానికో కూడా పక్కనే ఇంకో వాక్యం రాస్తాం, ఆరు నెలల తర్వాత ఆ ఇబ్బంది పోతే రూల్ కూడా పోతుంది. మూడు సెషన్లు ప్రయోగం, తర్వాత మాట్లాడుకుంటాం. ఆ రూల్ వల్ల ఎవరి క్యారెక్టర్ దెబ్బతింటుందో ముందుగా వాళ్లతో విడిగా మాట్లాడతాను, అందరి ముందూ కాదు, ఎందుకంటే నలుగురి మధ్యలో కాదనడం చాలామందికి కష్టం. కావాలంటే స్పెల్స్ మార్చుకోనిస్తాను. యుద్ధం మధ్యలో మాత్రం ఏ రూలూ మారదు, నాకు నష్టమైనా సరే, ఆ రాత్రికి పుస్తకంలో ఏముంటే అదే.

స్పెల్ పాయింట్స్ అప్పుడు ఎలా పోయాయంటే, ఆ శనివారం తర్వాత విజార్డ్ మిత్రుడికి ఫోన్ చేసి నేను వేసిన లెక్క చూపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "సరే, స్లాట్లు రాసుకోవడానికి ఏదైనా తేలిక దారి చూడు" అన్నాడు. అతని అసలు ఇబ్బంది లెక్క గుర్తుండకపోవడమే, దానికి నేను ఆట మొత్తం మార్చేశాను. మర్నాడు బజార్లో మూడు రంగుల గాజు గోళీలు కొన్నాను, తెల్లవి 4, ఆకుపచ్చవి 3, ఎర్రవి 2. స్పెల్ వేస్తే గోళీ గిన్నెలో పడుతుంది.

పోయిన నెల సెషన్లో సత్రం రెండు రోజుల దూరంలో ఉంది. విజార్డ్ ముందు ఒక్క ఎర్ర గోళీ మిగిలింది. వంతెన మీద పన్నెండు మంది కిరాయి సైనికులు అడ్డం నిలబడ్డారు, వంతెన అవతల కోటలో ఎవరున్నారో అందరికీ తెలుసు. ఇక్కడే వేసేయమని క్లెరిక్, వద్దు దాచమని రోగ్ (దొంగ పాత్ర), పదిహేను నిమిషాలు వాదించుకున్నారు, నేను నోరెత్తలేదు. విజార్డ్ గోళీ చేత్తో పట్టుకుని అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చున్నాడు. ఫైటర్ ఆడే అబ్బాయి ఫోన్ జేబులో పెట్టుకుని ముందుకి వంగి అన్నాడు: "అది లోపలున్నోడి కోసం ఉంచు. వీళ్లని నేను చూస్కుంటా."